రోన్ నుంచి స్లాబు దాకా: మన ఇల్లు నడిచిన దారి

ప్రభుత్వ కాగితాల్లో ఇంటికి ముఖ్యంగా వినిపించే పేర్లు రెండు: కచ్చా ఇల్లు, పక్కా ఇల్లు. మట్టి గోడ, గడ్డి కప్పు ఉంటే కచ్చా. ఇటుక గోడ, సిమెంటు స్లాబు ఉంటే పక్కా. 2011లో చేపట్టిన సామాజిక ఆర్థిక కులగణనలో గ్రామాల పేదరికాన్ని కొలవడానికి పెట్టుకున్న గుర్తుల్లో ఒకటి కూడా ఇదే: కచ్చా గోడలు, కచ్చా కప్పుతో ఒకే ఒక్క గది ఉన్న ఇల్లు. సాయం ఎవరికి ముందు అందాలో తేల్చడానికి అలాంటి లెక్క అవసరమే. కానీ ఆ మాట కాగితం దిగి మన నోటికి ఎక్కింది. హాస్టల్లో చేరే పిల్లల వివరాలు రాసుకునేటప్పుడు "మీ ఇల్లు ఎట్లాంటిది?" అని మేము అడిగితే, చాలామంది తల దించుకొని "కచ్చా మేడం" అంటారు. అదే పిల్లలు ఎండలు ముదిరినప్పుడు "మా ఇంట్లో చల్లగుంటది మేడం, ఇక్కడ స్లాబు కింద నిద్ర పడుతలేదు" అంటారు.

ఒకే ఇల్లు పగలు సిగ్గుగా, రాత్రి చల్లగా ఎట్లా అనిపిస్తుంది? దీనికి జవాబు మన ఆదిలాబాద్ గోండు గూడేల చరిత్రలో ఉంది. అడవి మన చేతిలో ఉన్నన్నాళ్లు ఇంటి కొలతలు మనమే పెట్టుకున్నాం. అడవి చేజారిన నాటి నుంచి ఇల్లు కూడా కొంచెం కొంచెంగా చేజారింది. ఇప్పుడు ఇంటి నమూనా మళ్లీ మన చేతికి వచ్చే సమయం వచ్చింది. రేపు ఇల్లు కట్టుకోబోయే యువతీయువకులు మీరే కాబట్టి, ఈ దారి మీకు తెలియాలని ఈ వ్యాసం.

తేలికైన ఇల్లు, తెలివైన ఇల్లు

గోండి భాషలో ఇంటిని 'రోన్' అంటాం, ఊరిని 'నార్' అంటాం. మన తాతల కాలంలో నార్ ఒకే చోట తరతరాలు నిలిచేది కాదు. నేల సారం తగ్గితే కొన్నేళ్లు దాన్ని బీడు పెట్టి, మరో చోట సాగు మొదలుపెట్టేవారు. జబ్బులు వచ్చి వరుసగా చావులు జరిగినా ఊరు కదిలేది. ఎప్పుడో ఒకనాడు వదిలి వెళ్లాల్సిన ఇంటికి రాతి పునాది ఎవరు వేస్తారు? అందుకే కర్ర నిట్టాళ్లు, వెదురు వాసాలు, చీల్చిన వెదురుతో అల్లిన తడికలు, వాటి మీద మట్టి, పెండ కలిపిన పూత, పైన గడ్డి కప్పు. కట్టడానికి మేకులు అక్కర్లేదు, చెట్టు నార చాలు. పొరుగువాళ్లంతా చేయి వేస్తే కొద్ది రోజుల్లో ఇల్లు లేచేది. తేలికగా కట్టడానికి కారణం పేదరికం అనుకుంటే పొరపాటు. అది కదిలే సాగుకు సరిపోయిన ఇల్లు.

ఆ ఇల్లు మన వాతావరణానికి కూడా సరిపోయింది. మన ప్రాంతంలో ఎండాకాలం 45 డిగ్రీల దాకా పోతుంది, చలికాలం రాత్రులు ఒక అంకెలోకి దిగుతుంది. గడ్డి కప్పులో పోచకూ పోచకూ మధ్య గాలి నిలిచి ఉంటుంది. నిలిచిన గాలి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు, చలిలో లోపలి వెచ్చదనాన్ని తొందరగా బయటికి పోనివ్వదు. చూరు బాగా కిందికి దిగి ఉండడం వల్ల ఎండ గోడను తాకదు, వాన గోడను కోయదు. ఇల్లు చీకటిగా ఉంటుందని బయటివాళ్లు అనేవారు. నిజమే. కానీ మన వాళ్లు పగలంతా ఇంట్లో ఉండేవాళ్లు కాదు. చేను, అడవి, వాకిలి, వసారా, ఇవే పగటి ఇల్లు. లోపలి గది వంటకు, గింజలకు, చలిరాత్రి నిద్రకు.

ఇంటి చుట్టూ ఉన్న స్థలం కూడా ఇంట్లో భాగమే. పశువుల కొట్టం, వెదురుతో అల్లి పెండతో అలికిన గుమ్ముల్లో జొన్నలు, దడి లోపల కూరపాదులు, ముందు విశాలమైన వాకిలి. ఆ వాకిలి ఎందుకంత పెద్దదో తెలియాలంటే దండారి రోజులు గుర్తు చేసుకోండి. దీపావళి ముందు రోజుల్లో ఒక ఊరి దండారి బృందం మరో ఊరికి అతిథిగా వెళ్తుంది. ఆతిథ్యం ఇచ్చే ఊరు అందరికీ అన్నం పెట్టాలి, పడుకోవడానికి చోటు చూపాలి, గుస్సాడీ ఆడడానికి నేల ఇవ్వాలి. ఊరికి ఊరే అతిథిగా వచ్చే పద్ధతి ఉన్న సమాజం వాకిలిని పెద్దగానే పెట్టుకుంటుంది.

కేస్లాపూర్ నాగోబా జాతరలో కూడా ఈ సంగతి కనిపిస్తుంది. మెస్రం వంశం వాళ్లు 22 శాఖలుగా ఉన్నారు. జాతరలో గోవాడ అనే ఒకే ఆవరణలో 22 పొయ్యిలు వెలిగించి వండుకుంటారు. పొయ్యిలు వేరు, ఆవరణ ఒకటే. ఏ శాఖ ఎక్కడిదో తెలుస్తుంది, అందరూ ఒకే వంశమని కూడా తెలుస్తుంది. చిన్నపిల్లలకు వంశవృక్షం ఎవరూ పుస్తకం తెరిచి చెప్పనక్కర్లేదు, ఆ ఆవరణలో ఒకసారి తిరిగితే చాలు. స్థలాన్ని ఎట్లా అమరుస్తామో మన బంధుత్వాలు అట్లా నిలుస్తాయి.

మంటల్లో పోయిన ఇళ్లు

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో నిజాం ప్రభుత్వం అడవులకు హద్దులు గీసి రిజర్వు చేయడం మొదలుపెట్టింది. ఆ గీతల లోపల పడిన గూడేలు ఒక్కసారిగా అక్రమ నివాసాలయ్యాయి. బీడు పెట్టిన పాత చేలకు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. ఖాళీ చేయని చోట అటవీ సిబ్బంది ఇళ్లకు నిప్పు పెట్టారు. జోడేఘాట్, బాబేఝరి ప్రాంతంలో కుమ్రం భీం నాయకత్వాన మన వాళ్లు తిరగబడింది ఈ బాధతోనే. 1940లో జోడేఘాట్ దగ్గర భీం, ఆయన సహచరులు పోలీసు కాల్పుల్లో అమరులయ్యారు. జల్, జంగల్, జమీన్ అనే నినాదం మనందరి నోట ఉంది. ఆ మూడింటి మధ్య కాలిపోయిన ఇల్లు కూడా ఉందని మనం గుర్తుంచుకోవాలి. నీళ్లు, అడవి, భూమి ఉంటేనే ఆ ఇల్లు మళ్లీ లేస్తుంది.

ఆ తిరుగుబాటు తరువాత నిజాం ప్రభుత్వం మన పరిస్థితులను తెలుసుకొనే పనిని మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో మన వాళ్ల మధ్య ఉండి పని చేశారు. గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారు చేసే శిక్షణ కేంద్రం 1943లో అక్కడే మొదలైంది. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. 1987లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మా బోటి వాళ్లకు మార్లవాయి పేరు అందుకే ప్రత్యేకం.

ఆ రోజుల్లో మన వాళ్లకు భూమి పట్టాలు ఇచ్చే పని కూడా మొదలైంది. పట్టా భూమికి రక్షణ ఇచ్చింది, అదే సమయంలో మనిషిని ఒక చోట నిలిపింది. కదిలే సాగు పోయి నిలిచిన సాగు వచ్చింది. ఊరు నిలిచిపోయాక ఇల్లు కూడా గట్టిపడాలి కదా. తడిక గోడల పక్కన మందపాటి మట్టి గోడలు, గడ్డి పక్కన కుమ్మరి చేసిన గూన పెంకులు పెరిగాయి. ఇది మన వాళ్లు తమంతట తాము చేసుకున్న మార్పు. కప్పు మారింది, కానీ వసారా ఉంది, వాకిలి ఉంది, కొట్టం ఉంది.

గీత ఎవరిది?

అసలు మలుపు తరువాత వచ్చింది. ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలై, 1996 నుంచి ప్రత్యేక పథకంగా నడిచింది. మన గూడేలకు సిమెంటు ఇళ్లు వచ్చింది ఇట్లాంటి పథకాల వల్లే. ఆ పథకంలో ఇంటికి 20 చదరపు మీటర్లు కనీస కొలత. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ దాన్ని వంట స్థలంతో కలిపి 25 చదరపు మీటర్లు చేసింది. 25 చదరపు మీటర్లంటే అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు. ముసలి తల్లిదండ్రులు, పెళ్లైన కొడుకు, కోడలు, పిల్లలు, గింజల బస్తాలు, విత్తనాలు, అన్నీ అందులోనే. వసారా, వాకిలి, కొట్టం లెక్కలోకి రాలేదు. సాయం అందే డబ్బుకు గది మాత్రమే కనిపించింది.

ఇంకో సంగతి, కాలనీల వరుసలు. రోడ్డుకు ఇరువైపులా ఇళ్లు కట్టడం మన వాళ్లకు కొత్త కాదు. ఇరుకు మాత్రం కొత్త. ఇంటికీ ఇంటికీ సందు లేని వరుసలో దండారి అతిథులను ఎక్కడ కూర్చోబెడతాం? కొట్టానికి చోటు లేక పశువులను ఇంటి గోడకే కడితే ఈగలు, దోమలు ఇంట్లోకే వస్తాయి. చావు జరిగినా, పెళ్లి జరిగినా నలుగురు కూర్చునే నీడ కోసం టెంటు అద్దెకు తేవాల్సి వస్తుంది.

అయినా మన వాళ్లు స్లాబు ఇల్లు ఎందుకు కోరుకున్నారు? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. గడ్డి కప్పుకు నిప్పు భయం. కొన్నేళ్లకోసారి కప్పు మార్చాలి, దానికి గడ్డి, వెదురు, కర్ర కావాలి, అవన్నీ తెచ్చుకుంటే కేసు భయం. గోడలు, నేల అలకడం ఆడవాళ్ల మీద పడే పని, చేనులో పని చేసి వచ్చి మళ్లీ పెండ కలపాలి. వానాకాలం గోడ అడుగు నాని కూలుతుంది. ఎలుకలు, వాటి వెంట పాములు. ఈ కష్టాలు పడ్డవాళ్లకు మట్టి ఇల్లు ఎంత గొప్పదో మనం ఉపన్యాసం చెప్పకూడదు. బయటి నుంచి వచ్చి మన గడ్డి ఇంటి ముందు ఫోటో దిగి, తాము మాత్రం ఏసీ గదిలో పడుకునేవాళ్ల మాటలను కూడా మనం నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

పాత అమరిక అంతా మంచిదని కూడా మనం అనకూడదు. మన పక్కనే ఉన్న గడ్చిరోలిలో మాడియా గోండు గ్రామాల్లో నెలసరి రోజుల్లో ఆడవాళ్లు ఊరి చివర 'కుర్మా ఘర్' అనే గుడిసెలో ఉండే ఆచారం ఉంది. తలుపు సరిగా లేని, నీళ్లు లేని చోట పాము భయంతో గడిపే ఆ రాత్రుల గురించి జాతీయ మానవ హక్కుల సంఘం కూడా మాట్లాడింది. ఆడపిల్లలను చూసుకునే ఉద్యోగంలో ఉన్న మేము దీన్ని సంస్కృతి పేరుతో దాచిపెట్టలేం. ఇంటి అమరిక ఒకరికి గౌరవం ఇచ్చి మరొకరికి భయం ఇస్తే, మార్చాల్సింది అమరికనే.

గోడ, పొగ, దోమ

ఇల్లు మన ఒంటి మీద ఎట్లా పని చేస్తుందో మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది వేడి. స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రి ఆ వేడిని లోపలికి వదులుతుంది. రేకు కప్పు పగటి పూటే కాలుతుంది. మందపాటి మట్టి గోడ వేడిని ఆలస్యంగా పంపుతుంది, పైన గడ్డి గానీ పెంకు గానీ ఉంటే లోపల ఉపశమనం. రాత్రి నిద్ర లేని మనిషి పొద్దున చేనులో అలసిపోతాడు, పిల్లవాడు బడిలో కునుకుతాడు. ఆస్బెస్టాస్ రేకులకు వేడి మాత్రమే కాదు, ఇంకో ముప్పు కూడా ఉంది. అవి పగిలి, అరిగి వచ్చే ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారి తీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రెండోది పొగ. పాత ఇంట్లో పొయ్యి పొగ గడ్డి కప్పు సందుల్లోంచి మెల్లగా బయటికి పోయేది. పోతూ పోతూ వాసాలకు పురుగు పట్టకుండా చేసేది, పొయ్యి మీద వేలాడదీసిన విత్తనాల కంకులను కాపాడేది. అయినా అది తల్లి కళ్లకు, బిడ్డ ఊపిరికి మంచిది కాదు. ఇప్పుడు అదే కట్టెల పొయ్యిని స్లాబు గదిలో పెట్టాం. సందులు లేవు, గొట్టం లేదు. పాత ఇంటి కంటే పొగ ఎక్కువ నిలుస్తోంది. 2016లో మొదలైన ఉజ్వల పథకంతో గ్యాస్ పొయ్యి వచ్చింది, కానీ సిలిండరు మళ్లీ నింపించడానికి డబ్బు లేని నెలల్లో కట్టెల పొయ్యే దిక్కు. కాబట్టి పొగ గొట్టం గురించి ఇంకా ఆలోచించాల్సిందే.

మూడోది దోమ. దేశంలో మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో, నిర్మూలన కార్యక్రమం 1958లో మొదలయ్యాయి. అప్పటి నుంచి మన గోడల మీద మందు చల్లుతున్నారు. రక్తం తాగిన దోమ గోడ మీద వాలుతుంది, అక్కడ మందు తగిలి చస్తుంది. అయితే పండుగ వచ్చిందని మనం గోడను మళ్లీ అలికితే మందు మట్టి కింద కప్పబడిపోతుంది. మందు చల్లాక రెండున్నర, మూడు నెలలు అలకవద్దని ఆరోగ్య కార్యకర్తలు చెప్పేది అందుకే. మన శుభ్రతకూ వాళ్ల మందుకూ గొడవ పడింది గోడ మీదే. అలికే పండుగ ఎప్పుడో తెలుసుకొని, అది అయ్యాక మందు చల్లితే ఇద్దరి పనీ నిలుస్తుంది. స్లాబు ఇంట్లో ఇంకో చిక్కు: వేడికి లోపల ఉండలేక బయట పడుకుంటే గోడకు కొట్టిన మందు మనల్ని కాపాడదు. బయట పడుకున్నా దోమతెర కట్టుకోవాలి.

ఒక్క కొలత అందరికీ సరిపోదు

ఇది గోండుల కథ ఒక్కటే కాదు. నల్లమల చెంచుల పాత ఇల్లు గుండ్రంగా, పైన శంఖం లాంటి గడ్డి కప్పుతో ఉండేది. శ్రీకాకుళం కొండల్లో సవరల ఇళ్లు పక్కపక్కనే వరుసగా ఉంటాయి, లోపలి గోడ మీద పూర్వీకుల కోసం బొమ్మలు వేస్తారు. ఆ గోడ పోతే బొమ్మ ఎక్కడ వేయాలి? మన పక్కనే ఉండే కోలాములు వెదురు పనిలో నేర్పరులు. వాళ్లకు వెదురు లేని ఇల్లు ఇస్తే చేతిలో ఉన్న విద్యకు పని లేకుండా పోతుంది. ఒక్కో తెగ ఇల్లు ఒక్కో రకంగా ఉండడానికి కారణాలున్నాయి. అందరికీ ఒకే కాగితం మీద గీసిన ఇల్లు ఆ కారణాలను చూడలేదు.

ఇప్పుడు కాగితం మీ చేతిలో ఉంది

కొన్ని చట్టాలు, పథకాలు ఇప్పుడు మనకు అనుకూలంగా ఉన్నాయి. వాటిని వాడుకోవడం తెలియాలి.

1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పథకాల లబ్ధిదారులను గుర్తించేది, గ్రామాభివృద్ధి ప్రణాళికలను ఆమోదించేది గ్రామసభ. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి దాని మీద మనకు హక్కు ఇచ్చింది. కలప మాత్రం ఆ జాబితాలో లేదు, అది గుర్తుంచుకోండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో కాంట్రాక్టరుకు చోటు లేదు, డబ్బు లబ్ధిదారు ఖాతాలో పడుతుంది, ఇల్లు తానే కట్టుకోవాలి. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్‌లో కోలాం, తోటి, చెంచు, కొండరెడ్డి వంటి తెగలకు ఇంటికి 2 లక్షల రూపాయలు ఇస్తున్నారు. తెలంగాణలో 2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సాయం 5 లక్షలు. కొలత, గోడ, కప్పు విషయంలో ప్రతి పథకానికీ షరతులున్నాయి. ఆ షరతుల లోపల కూడా మనం నిర్ణయించుకోగలిగినవి చాలా ఉన్నాయి.

ఏం నిర్ణయించుకోవచ్చు? తలుపు ఏ దిక్కుకు, కిటికీలు ఎదురెదురుగా ఉండాలా వద్దా, గోడ పైభాగంలో వేడి గాలి పోయే సందులు ఎన్ని. పడమటి గోడకు నీడ ఇచ్చేలా చెట్టు గానీ పందిరి గానీ. స్లాబు ముందు పెంకులతో గానీ వెదురుతో గానీ దించిన వసారా. వంట గదికి గొట్టం. పునాది ఎత్తు. కొట్టం ఇంటికి దూరంగా. మరుగుదొడ్డి కట్టేముందే దానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్న లెక్క. ఆడపిల్లకు తలుపు వేసుకునే చోటు, చదువుకోవడానికి వెలుతురు. వరుసగా ఇళ్లు వస్తుంటే మధ్యలో ఆకిపేన్ పూజకు వెళ్లే దారి, దండారి ఆడే నేల వదలాలన్న తీర్మానం. ఇవి ఇంజినీరు కాగితంలో ఉండవు. బిల్లు పడ్డాక, సెంట్రింగ్ విప్పాక చెప్పినా లాభం లేదు. పునాది తీయకముందే గ్రామసభలో చెప్పాలి.

అందుకే ఈ సంచిక చదివే మీ అందరికీ ఒక పని అప్పగిస్తున్నాం. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక టేపు, ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఊళ్లో మిగిలి ఉన్న పాత ఇల్లు ఒకటి ఎంచుకొని గది, వసారా, వాకిలి, కొట్టం, అన్నీ కొలిచి గీయండి. ఒక్కో భాగానికి గోండిలో పేరు అవ్వను, తాతను అడిగి రాయండి. వాళ్లకు ఆ ఇంట్లో ఏది సుఖంగా ఉండేదో, ఏది కష్టంగా ఉండేదో రెండూ అడగండి. ముఖ్యంగా అవ్వను అడగండి, ఎందుకంటే ఇంట్లో ఎక్కువ పని చేసింది ఆమె. పక్కనే కొత్త స్లాబు ఇంటిని కూడా అట్లాగే కొలవండి. ఒక థర్మామీటరు దొరికితే మధ్యాహ్నం, అర్ధరాత్రి రెండు ఇళ్లలో ఎంత వేడి ఉందో రాసుకోండి.

ఆ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఊరి పటేల్ ముందు, సర్పంచ్ ముందు, గ్రామసభలో చూపించండి. ఈ ఏడాది మీ ఊళ్లో ఎవరికి ఇల్లు మంజూరైందో కనుక్కొని, వాళ్లు ముగ్గు పోయకముందే వాళ్లింటికి వెళ్లి కూర్చోండి.